మారుకాయలు ముప్ఫై ఆరు

పోయిన వారం మనం ఆగిన చోట, అమలాపురం మున్సిఫు కోర్టులో మధ్యాహ్నం గంట కొట్టారు. బోను మెట్టు మీద ఒక కాలు పెట్టిన అప్పాయమ్మ ఆ కాలు వెనక్కి తీసుకుని, చంకలో గోనెసంచితో సహా వరండాలోకి వచ్చేసింది.

మరచినవాళ్ళ కోసం రెండు ముక్కలు. పలివెల దాటాక కాలవగట్టు పక్కన కామేశ్వరరావు గారి కొబ్బరితోట ఉంది. ఆ గట్టే ఊరందరూ నడిచే దారి. కిందటి ఏడాది, అంటే 1951 ఏప్రిల్లో, గట్టు వరస చెట్లు దింపుతుండగా, బడి వదిలాక ఆ దారిన ఇంటికి వస్తున్న మిషను బడి పంతులమ్మ విజయకుమారి భుజం మీద గెల పడింది. ఎముక అతికింది గానీ కుడిచెయ్యి భుజం దాటి లేవదు. బోర్డు మీద రాయలేని పంతులమ్మకి బడివాళ్ళు సెలవు చెప్పేశారు. ఆమె నష్టపరిహారానికి దావా వేసింది.

దావాలో ప్రతివాదులు ముగ్గురు. తోట యజమాని కామేశ్వరరావు గారు, కొత్తపేటలో కురిడీ, అంటే ఎండుకొబ్బరి వ్యాపారం చేసే అప్పాయమ్మ, ఆ వేళ చెట్టు మీద ఉన్న అంజిబాబు. అప్పాయమ్మ పేరు ఇందులోకి రావడానికి కారణం కామేశ్వరరావు గారు దాఖలు చేసిన జవాబు. కాయ చెట్టు మీద ఉండగానే అప్పాయమ్మకి అమ్మేశాననీ, దింపు ఆమెదేననీ, దింపినవాడు ఆమె మనిషేననీ ఆయన రాయించారు. అయినా గెలని తాడు కట్టే దించారట. తాడు తెగిందట. అది దైవికమట. తాడు తెగిందన్న మాట అంజిబాబు కూడా పోయిన వారం తల వంచుకుని చెప్పేశాడు. అతని గుడిసె ఉన్నది కామేశ్వరరావు గారి స్థలంలో.

అప్పాయమ్మ దీన్ని తన పద్ధతిలో లెక్క వేసుకుంది. తప్పు దేవుడిదని తేలితే పిల్లకి దక్కేది సున్నా. అంజిబాబుదని తేలితే డిక్రీ కాయితం దక్కుతుంది. అతని దగ్గర జప్తు చెయ్యడానికి కత్తీ, కాళ్ళకి వేసుకునే బందమూ తప్ప ఏమీ లేవు. తనదని తేలితే కాయ ఎండబెట్టే అటకతో సహా ముప్ఫై ఏళ్ళ వ్యాపారం వేలంలోకి పోతుంది. కామేశ్వరరావు గారిదని తేలితేనే పిల్ల బతుకు నిలబడుతుంది, తన బతుకూ నిలబడుతుంది. నాలుగు దారుల్లో మూడు మూసెయ్యాలి. చేతిలో ఉన్నది ఒక గోనెసంచి.

వరండా చివర విజయకుమారి క్యారేజీ విప్పుతోంది. ఆమె జడ కొంచెం పక్కకి వంకరపోయింది. చెయ్యి పైకి లేవదు గనక జడ తల్లి వేస్తోంది, ఆవిడకి కళ్ళు సరిగా ఆనవు.

"మీ మీద దావా వేసి మీ పక్కనే కూర్చుని తింటున్నానండి. ఏమనుకోకండి పిన్నిగారూ."

"నీ పక్కన కాకపోతే ఆ పెద్దమనిషి పక్కన కూర్చోమంటావా? నా మీద వేసింది నువ్వు కాదమ్మా. నీ చేత మీ ప్లీడరు గారు వేయించేరు, ఆయన చేత ఆ పెద్దమనిషి జవాబు వేయించింది. ముందు ఆ పెరుగన్నం తిను."

విజయకుమారి ప్లీడరు నతానియేలు గారు స్తంభం దగ్గర నిలబడి నవ్వారు. "ఎదటి పక్షం వాణ్ణి, నేను చెప్పకూడదు గానీ అప్పాయమ్మ గారూ, మీరు ప్లీడర్ని పెట్టుకోవలసిందండి. రాజమండ్రి నుంచి వచ్చిన ఆయన క్రాసు చేస్తే నల్లకోటు వాళ్ళే తడబడతారు."

"నా సరుకు సంగతి చెప్పడానికి ఇంకొకళ్ళ నోరు అద్దెకి దేనికండీ?"

"ఆ సంచిలో ఏముందండీ?"

"కాయలండి."

"కోర్టులోకి కాయలేంటండీ!"

"అందరూ నోళ్ళు తెచ్చుకుంటున్నారు గదండీ. నేను కాయలు తెచ్చుకున్నాను."

ఆ నవ్వులు సద్దుమణగకుండానే కామేశ్వరరావు గారి గుమాస్తా రామ్మూర్తి వచ్చాడు. కండువా అంచుతో మెడ తుడుచుకుంటూ, పక్కకి రమ్మన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. అప్పాయమ్మ సంచీ పట్టుకునే వెళ్ళింది. దాన్ని వదిలి ఆవిడ చేతులు కడుక్కోవడానికి కూడా వెళ్ళడం లేదు.

"అక్కగారూ, అయ్యగారు ఒక మాట చెప్పమన్నారండి. దింపు నాదేనని మీరు బోనులో ఒక్క ముక్క ఒప్పుకోండి. డిక్రీ ఎంతైనా లోపాయికారీగా అయ్యగారే కట్టేస్తారు. పైగా వచ్చే మూడేళ్ళూ తోటల్లో కాయంతా మీకే."

మూడేళ్ళ కాయ అంటే చిన్న మాట కాదు. ఆవిడ అటకలో సగం నిండేది ఆ తోటల కాయతోనే. ఈ రోజు బోనెక్కి ఎదురు చెప్పిందంటే ఆ సగం ఖాళీ. అప్పాయమ్మ ఆ మాటని చేతిలో కాయలా అటూ ఇటూ తిప్పి చూసింది.

"డబ్బు ఆయనే కట్టేటప్పుడు తప్పు ఆయనదేనని ఒప్పుకోవచ్చు గదా రామ్మూర్తీ?"

"ఆయన పేరు కోర్టు కాయితంలో పడకూడదండి."

"నా పేరు పడొచ్చు."

"అలాక్కాదండి..."

"సరే. ఇదే మాట కాయితం మీద రాసి ఇప్పించు."

"పెద్దమనిషి మాటండీ అది! కాయితం దేనికండీ?"

"కాయకి కాయితం రాస్తారే మీరు. మాటకి రాయరా?"

రామ్మూర్తి మొహంలో రంగు మారింది. ఏదో గుర్తొచ్చినవాడిలా ఆవిడ సంచీ వైపు చూశాడు, తరవాత ఆవిడ చీరకొంగు ముడి వైపు చూశాడు. గంట కొట్టారు. అప్పాయమ్మ లోపలికి నడిచింది.

మున్సిఫు గారు అనంతపురం వైపు మనిషి, వయసులో చిన్నవారు, వచ్చి ఏడాది కాలేదు. కొబ్బరినీళ్ళు తాగడమే తప్ప కాయ సంగతి ఆయనకి తెలియదు. వాంగ్మూలం ఆయనే స్వయంగా కలంతో రాసుకుంటారు. అప్పాయమ్మ పొద్దుటి నుంచి ఆయన మొహం చూడటం మానేసి ఆ కలాన్నే చూస్తోంది. కొనేవాడి మొహం అబద్ధం చెబుతుంది, చెయ్యి చెప్పదు. కలం పరిగెడితే సరుకు నచ్చినట్టు. ఆగితే బేరం కుదరనట్టు.

ప్రమాణం చేయించారు.

"మీకు ప్లీడరు లేరు గనక నేనే అడుగుతాను," అన్నారు మున్సిఫు గారు. "కాయ మీరు చెట్టు మీద కొన్నారా, కింద కొన్నారా?"

"కిందండి. రేవులో పోగు పోసేక కొన్నాను."

"వారు చెట్టు మీదే అమ్మామంటున్నారు. రెండింటికీ తేడా ఎందుకు అడుగుతున్నానో తెలుసా? దించేవాడికి ఎలా దించాలో చెప్పే అధికారం ఎవరికి ఉందో, జరిగిన దానికి బాధ్యత కూడా వారికే ఉంటుంది. నాకు తేలవలసింది అది."

"ఆయ్. అదే చెబుతానండి. నీళ్ళకి, పచ్చడికి అయితే కాయ ఎలా పడ్డా పరవాలేదండి. నాది కురిడీ వ్యాపారం. కాయ పైన పీచు డొక్కతో సహా అటక మీద పది నెలలు ఉండాలి. లోపలి నీళ్ళు కొబ్బరే తాగేసి, గుండు పెంకు నుంచి ఊడి గలగలలాడాలి. పెంకుకి వెంట్రుకంత బీట పడిందా, నీళ్ళు కారిపోయి కుళ్ళిపోద్దండి. తోట లోపల మట్టి మెత్తన, పడ్డా దెబ్బ తగలదు. గట్టు మటుకు బళ్ళు తొక్కి తొక్కి రాయిలా ఉంటది. అందుకని గట్టు వరస గెల తాడు కట్టి దించాలండి. తాడు దింపు కాయకి ధర వేరు, మామూలు కాయకి ధర వేరు. గట్టు వరసకి నేను కామేశ్వరరావు గారికిచ్చింది తాడు దింపు ధర."

కలం పరిగెట్టింది.

"కాయ చెట్టు మీదే కొన్నదాన్నైతే, దింపు నాదే అయితే, తాడు కట్టినందుకు ఆయనకి నేను ఎక్కువ ధర ఎందుకిస్తానండి? నా తాడు నేనే కట్టుకుందును గదా!"

కలం ఆగింది. మున్సిఫు గారు తలెత్తి ఆవిడ వంక చూశారు. మళ్ళీ వంచి, ముందటి కంటే వేగంగా రాశారు. నతానియేలు గారు ముందుకి వంగి కూర్చున్నారు.

"చెట్టు మీద మనిషి కేక వేశాడంటున్నారు. ఆమె వినిపించుకోకపోతే అది ఆమె నిర్లక్ష్యం కాదా?"

"దింపు రోజుల్లో గట్టు పొడుగునా పొద్దున్నించి సాయంత్రం దాకా కేకలేనండి. ఈ తోటలో కేక, ఆ తోటలో కేక. కేక విన్నప్పుడల్లా ఆగితే మనిషి ఇల్లు చేరదు. దారికి అడ్డంగా పచ్చిమట్ట వెయ్యాలి, అదండి గుర్తు. మట్ట ఉంటే జమీందారైనా ఆగాలి, లేకపోతే పసిపిల్లైనా నడవచ్చు."

"ఆ రోజు మట్ట వేశారా?"

వేయలేదని ఊరంతా చెప్పుకుంటోంది. అప్పాయమ్మ కూడా వంద నోళ్ళ వెంట విన్నది. ఒక్క మాట అంటే పిల్ల వైపు తూకం వాలుతుంది. కానీ చూడని సరుకుకి ధర చెప్పడం ఆవిడకి అలవాటు లేదు.

"నేనక్కడ లేనండి. చూడని దానికి సాక్ష్యం చెప్పను."

మున్సిఫు గారు ఆ జవాబుని మిగతా వాటికంటే నిదానంగా రాసుకున్నారు. నష్టపోయినట్టే ఉన్నా ఇక్కడ తనకి లాభమే వచ్చిందని అప్పాయమ్మకి అర్థమైంది. ఇక మీదట తను చెప్పబోయే ప్రతి మాటకీ విలువ పెరిగింది.

కామేశ్వరరావు గారి తరఫున రాజమండ్రి ప్లీడరు గారు లేచారు. భారీ మనిషి, మెత్తటి గొంతు. పిల్లలకి మందు తాగించేవాళ్ళలా మాట్లాడతారు.

"చూడమ్మా. గట్టు వరసకి తాడు కట్టారని మీరే చెప్పారు. తాడు తెగితే మనుషులేం చేస్తారు?"

"తాడు కట్టాలని చెప్పేనండి. కట్టేరని చెప్పలేదు."

"కట్టలేదని మీకెలా తెలుసు? మీరక్కడ లేరు కదా. ఇప్పుడే కదా, చూడని దానికి సాక్ష్యం చెప్పనన్నారు!" ఆయన హాలు వైపు తిరిగి చిరునవ్వు నవ్వారు.

"నేను చూళ్ళేదండి. కాయలు చూసినియ్యి." అప్పాయమ్మ వంగి సంచీ మూతి విప్పింది. "ఇవి తమరు ఆడించి చూడాలండి."

ప్లీడరు గారు అభ్యంతరం చెప్పారు. మున్సిఫు గారు కుతూహలంతో దాన్ని పక్కన పెట్టారు. నాలుగు కాయలు బల్ల మీదకి వెళ్ళాయి. నాలుగింటికీ డొక్క మీద సున్నం బొట్టు ఉంది.

"ఈ బొట్టు రామ్మూర్తి పెట్టించిందండి. తాడు దింపు కాయ మామూలు కాయలో కలిసిపోకుండా గుర్తు. ఇవి గట్టు వరసవే."

రామ్మూర్తి బెంచీ మీద కూర్చుని తన మోకాళ్ళ వంక చూసుకున్నాడు. కాదనలేదు.

మున్సిఫు గారు మొదటి కాయ తీసుకుని చెవి దగ్గర ఆడించారు. గలగలలాడింది. రెండోది కూడా. మూడోది ఆడించారు. చప్పుడు లేదు. ఇంకా గట్టిగా ఆడించారు. నాలుగోదీ అంతే. కోర్టు కోర్టంతా మున్సిఫు గారు కొబ్బరికాయ ఆడించడం చూస్తోంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"కొట్టించండి," అన్నది అప్పాయమ్మ.

బంట్రోతు మూడో కాయని వరండా మెట్టు మీదకి తీసుకుపోయి, డొక్క చీల్చి, కత్తి వెనక వైపుతో ఒక్కటి వేశాడు. వాసన మాత్రం అతని కంటే ముందే హాల్లోకి వచ్చేసింది. మున్సిఫు గారు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. ముందు వరసలో ఉన్న కామేశ్వరరావు గారు కుర్చీ ఒక్క జానెడు వెనక్కి జరుపుకున్నారు.

"ఇలాంటివి ఎన్ని తేలాయి?" మున్సిఫు గారు రుమాలు లోంచే అడిగారు.

"ముప్ఫై ఆరండి. తాడు కట్టి దింపిన సరుకులో ఒకటో రెండో పోతాయి. గట్టు వరస ఒక్క దాంట్లోనే ముప్ఫై ఆరు పోయినియ్యంటే ఏ గెలకీ తాడు కట్టనట్టండి. లేని తాడు ఎలా తెగుద్ది?"

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. బంట్రోతు నిశ్శబ్దం అని కేక వేశాడు. ప్లీడరు గారు మటుకు తొణకలేదు. ఆయన రెండు అడుగులు బోను దగ్గరికి వచ్చారు.

"పెంకు చిట్లడానికి వంద కారణాలు ఉంటాయమ్మా. ఎక్కించేటప్పుడు మీ మనుషులు విసిరి ఉండొచ్చు. అటక మీద నుంచి దొర్లి ఉండొచ్చు. అలా అయితే ఆ నష్టానికి తప్పు ఎవరిది? మీదే కదా?"

"నిజమేనండి. నా చేతిలో పాడైతే తప్పు నాదే."

"అదీ మాట! మరి ఈ కాయలు మీ చేతిలో పాడు కాలేదు, తాడు కట్టకపోవడం వల్లే పాడయ్యాయని మీకంత నమ్మకం ఉంటే, అమ్మినవాళ్ళని అడిగి ఉండేవారు. వ్యాపారస్తురాలు కదా, ఊరుకోరు కదా. అడిగారా?"

నతానియేలు గారు కళ్ళు మూసుకున్నారు. ఈ ప్రశ్నకి జవాబు ఆయనకి తెలియదు. రామ్మూర్తికి మటుకు తెలుసు. అతను సగం లేచి, ప్లీడరు గారి కోటు చివర అందుకోబోయి, అందక కూర్చున్నాడు.

"ఆయ్," అన్నది అప్పాయమ్మ. "అడిగేనండి."

ప్లీడరు గారు అక్కడితో ఆగి కూర్చుంటే కథ వేరుగా ఉండేది. కానీ గెలుస్తున్న బేరంలో ఆఖరి అణా కూడా లాగాలని చూసేవాళ్ళు అన్ని వృత్తుల్లోనూ ఉంటారు.

"ఏమన్నారు మరి?"

"ఏమీ అనలేదండి. మారుకాయలు ఇచ్చేరు. ముప్ఫై ఆరుకి ముప్ఫై ఆరు."

ఆవిడ కొంగు ముడి విప్పి, నాలుగు మడతల చీటీ ఒకటి బంట్రోతు చేతిలో పెట్టింది. మున్సిఫు గారు దాన్ని విప్పి, ముందు తనలో తాను చదువుకుని, తరవాత అందరికీ వినపడేలా చదివారు.

"తాడు దింపు ధరకి మేము ఇచ్చిన గట్టు వరస కాయల్లో, తాడు లేకుండా దింపినందున చెడిన ముప్ఫై ఆరింటికి మారుకాయలు ముప్ఫై ఆరు కొట్టులోంచి ఇవ్వడమైనది. జూన్ పదకొండు. రామ్మూర్తి."

వెనక బెంచీలు లేచాయి. పలివెల నుంచి వచ్చిన వాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుతున్నారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. బంట్రోతు కేకలు ఎవరికీ వినపడలేదు. తలుపు పక్కన గోడకి చేరబడి ఉన్న అంజిబాబు పది నెలల తరవాత మొదటిసారి తల పైకెత్తాడు.

"అయ్యా, నాదింకొక్క మాటండి," అన్నది అప్పాయమ్మ, గొంతు పెంచి. "ఆడపిల్ల భుజం విరిగితే తాడు తెగిందని అబద్ధం ఆడినవాళ్ళు, కాయ పాడైతే మటుకు తాడు లేదని నిజం రాసిచ్చేరండి. ముప్ఫై ఆరు కాయలకి మారుకాయలు దొరికినియ్యి. ఆ పిల్ల భుజానికి మారు భుజం ఎక్కడుందో తమరే చెప్పాలి."

విజయకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మున్సిఫు గారు ఆ మాటని రాయకూడదు, అది సాక్ష్యం కాదు. అయినా కలం కదలడం అప్పాయమ్మ చూసింది.

ప్లీడరు గారు కూర్చున్నారు. కుర్చీ కిర్రుమంది.

అప్పాయమ్మ బోను దిగింది. అటకంతా ఒక్క రోజులో, తను చెప్పిన ధరకి అమ్మేసిన రోజున ఆవిడ నడక ఎలా ఉంటుందో కొత్తపేట సంతలో అందరికీ తెలుసు. అదే నడకతో వచ్చి, విజయకుమారి పక్కన చోటు చేసుకుని కూర్చుంది. దైవికం దారి మూసుకుంది. చెట్టు మీద కాయ కొన్నదన్న దారి మూసుకుంది. ఇక మిగిలింది అంజిబాబు. తాడు మానేసింది వాడి సొంత ఇష్టమా, ఇంకొకరి హుకుమా?

మున్సిఫు గారికీ అదే ప్రశ్న వచ్చినట్టుంది. రామ్మూర్తిని బోనెక్కించారు.

"ఈ చేతిరాత మీదేనా?"

"ఆయ్... నాదేనండి."

"ఇలాంటి చీటీ ఎందుకు రాసిచ్చారు?"

"కొట్టులోంచి కాయ కదిలితే ఎందుకు కదిలిందో రాయాలండి. ఒకటి వాళ్ళకి, ఒకటి అయ్యగారికి. అది అయ్యగారు పెట్టిన పద్ధతండి. ఉన్నది ఉన్నట్టు రాయకపోతే ఊరుకోరండి."

"అయితే దీని రెండో ప్రతి మీ అయ్యగారు చూశారు."

"చూసేరండి."

"చూసిన తరవాత, తాడు తెగిందని జవాబు దాఖలు చేశారు. సరే. ఆ రోజు తాడు వద్దని అంజిబాబుకి చెప్పింది ఎవరు?"

"నేనే చెప్పేనండి."

"మీకు ఎవరు చెప్పారు?"

రామ్మూర్తి మున్సిఫు గారి వంక చూశాడు. కిటికీ వంక చూశాడు. ముందు వరస వంక మటుకు చూడలేకపోయాడు. కండువా చేతుల్లో తాడులా మెలి తిరిగిపోయింది.

"వాణ్ణి వదిలెయ్యండి," అన్న గొంతు ముందు వరస నుంచి వచ్చింది.

కామేశ్వరరావు గారు లేచి నిలబడ్డారు. డెబ్భై ఏళ్ళ మనిషి, ఇంకా నిటారుగానే ఉన్నారు. ప్లీడరు గారు కంగారుగా ఆయన చెయ్యి పట్టుకోబోయారు.

"అయ్యా, తమరు కూర్చోండి. తమరికి ఒంట్లో బాగోలేదని నేను మనవి చేసుకుంటాను..."

"నాకు బాగానే ఉంది. మీరే కూర్చోండి ప్లీడరు గారూ. ఆ చీటీ పద్ధతి నాది. నా పద్ధతిని నేను కాదంటే రేపు నా గుమాస్తా నన్ను లెక్క చేస్తాడా?"

ఆయన తనంతట తాను నడిచి వెళ్ళి బోనెక్కారు. పలివెల వాళ్ళకి ఆ దృశ్యం నమ్మశక్యం కాలేదు. ఆయన ఇంటి అరుగు ఎక్కేటప్పుడు తాము చెప్పులు విడిచేవాళ్ళు. ఆయన ఇప్పుడు బోనులో నిలబడి బంట్రోతు చెప్పిన ప్రమాణం మాట మాటకీ తిరిగి చెబుతున్నారు.

"తాడు వద్దన్నది నేనే. రాసుకోండి."

నతానియేలు గారి చెయ్యి బల్ల మీద గట్టిగా పడింది. విజయకుమారి ఎడమచేత్తో అప్పాయమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. గెలిచాం అని ఎవరూ అనలేదు, అనవలసిన అవసరం కనపడలేదు. అప్పాయమ్మ ఆ చెయ్యి మీద తన రెండో చెయ్యి వేసింది.

"ఎందుకు వద్దన్నానో కూడా రాసుకోవాలి," అన్నారు కామేశ్వరరావు గారు. "తాడు కట్టి దించితే గట్టు వరస రెండ్రోజుల పని. ఒక్క పూటలో దించాను. నాకేం తొందర? నా కాయ చెట్టు మీద ఎన్నాళ్ళైనా ఉంటుంది. తొందర పెట్టింది ఎవరో, ఏమని కబురు పంపిందో, అదుగో ఆ అప్పాయమ్మ గారినే అడగండి."

హాల్లో ఉన్న తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి.

అప్పాయమ్మకి ముందు అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. ఏప్రిల్లో ఏటా కాలవలు కట్టేస్తారు. నీళ్ళు ఆపేశాక పడవ నడవదు. మర్నాడు పొద్దున్నే లాకులు మూస్తారని దింపు జరిగిన రోజు ఉదయం తెలిసింది. తన పడవ సరంగుని పిలిచి, కామేశ్వరరావు గారితో చెప్పమని తను పంపిన మాట ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. వ్యాపారంలో రోజుకి పదిసార్లు అనే మాట అది. ఎవరూ నిజమనుకోరు.

పొద్దు గుంకేలోగా కాయంతా రేవులో ఉండాలి. లేకపోతే నాకొద్దు.

తొందర పెట్టడం వేరు, తాడు మానిపించడం వేరు. అది ఆవిడకి తెలుసు. నాకొద్దు అంటే, ఆ పొద్దుకి సరిపడేలా ఎవరో ఏదో ఒకటి మానెయ్యాలని కూడా ఆవిడకి తెలుసు.

విజయకుమారి చెయ్యి ఇంకా తన చేతిలోనే ఉంది. కానీ పట్టు సడలింది. ఆ పిల్ల తన మొహంలోకి చూస్తోంది.

"రెండో ప్రతివాది అప్పాయమ్మ గారూ," అన్నారు మున్సిఫు గారు. "మీరు అలాంటి కబురు పంపారా?"

ఆ కబురుకి చీటీ లేదు. మోసుకెళ్ళిన సరంగు వైశాఖంలో యానాం వైపు వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. పంపలేదండి అంటే చాలు. పెద్దాయన మాట మీద ఈ కోర్టులో ఇప్పుడు ఎవరికీ నమ్మకం లేదు, తన మాట మీద అందరికీ ఉంది. మున్సిఫు గారు కలం సిరాలో ముంచి, కాయితానికి అంగుళం పైన ఆపి ఎదురు చూస్తున్నారు.

అప్పాయమ్మ ఆ పిల్ల చెయ్యి మెల్లిగా విడిపించుకుని లేచింది.

"బోనెక్కి చెబుతానండి," అన్నది. "ఇందాక చేసిన ప్రమాణమే సరిపోద్దా, మళ్ళీ చెయ్యాలాండీ?"